టెన్షన్‌లో ఉన్నప్పుడు చీటీ పాడాలా, ఆగాలా? లెక్క తేల్చుకునే పద్ధతి

"ఖర్చు మీద పడింది. చీటీ ఆరో నెలలో ఉంది. ఇప్పుడు పాడితే లక్షా పాతిక వేలు వదులుకోవాలి. పాడకపోతే రాత్రి నిద్ర పట్టదు. ఏం చేయమంటారు?"

ఈ ప్రశ్న చాలామంది నుంచి, చాలా రూపాల్లో వస్తోంది. చీటీ బదులు ఒకరిది ఎఫ్‌డీ, ఒకరిది ఎల్ఐసీ పాలసీ, ఇంకొకరిది పీఎఫ్. లోపల ఉన్న బేరం మాత్రం ఒకటే: ఇప్పుడు వచ్చే తక్కువ తీసుకోవాలా, ఆగితే వచ్చే ఎక్కువ కోసం కూర్చోవాలా?

చీటీనే ఉదాహరణగా తీసుకుంటున్నాను. పాటలో ఎవరు ఎక్కువ వదులుకుంటామంటే ఆ నెల చీటీ వాళ్లది, వదులుకున్నది పోగా మిగిలినది వాళ్ల చేతికొస్తుంది. మన దగ్గర ఈ బేరం ప్రతి నెలా పాట రోజున అందరి ముందూ జరుగుతుంది, అంకెలతో సహా కనిపిస్తుంది. మిగతావాటికీ ఇదే వరస పనికొస్తుంది. ఆగినవాళ్లే తెలివైనవాళ్లని నేను అనను. ఈ లెక్క చేశాక "పాడేయండి" అని తేలిన ఇళ్లు కూడా ఉన్నాయి.

మొదలుపెట్టే ముందు ఇవి దగ్గర పెట్టుకోండి:

- చీటీ పాస్‌బుక్, ఇంతవరకు ఏ నెల పాట ఎంతకు పోయిందో రాసిన జాబితా
- ఖర్చు తాలూకు బిల్లు, ఫీజు నోటీసు లేదా కొటేషన్. నోటి మాటగా విన్న అంకె పనికిరాదు
- ఎఫ్‌డీ రసీదులు, ఇంట్లో ఉన్న బంగారం బరువు
- ఒక తెల్ల కాగితం, పెన్ను, కాలిక్యులేటర్
- ఈ ఖర్చుతో సంబంధం లేని ఒక మనిషి. బావగారు కావచ్చు, ఆఫీసులో పక్క సీటు ఆయన కావచ్చు. లెక్క ఆ మనిషికి చదివి వినిపించాలి, అంతే

1. వార్త విన్న మొదటి మూడు గంటల్లో దేనికీ ఒప్పుకోవద్దు

ఒత్తిడి మొదలైన 20, 30 నిమిషాల్లో ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను బాగా పెరిగి, తర్వాత నెమ్మదిగా దిగుతుంది. 2013లో వెలువడిన ఒక ప్రయోగంలో కొందరు మగవాళ్లకు ఆ హార్మోను మాత్ర ఇచ్చి, తర్వాత "ఇప్పుడు కొంచెమా, తర్వాత ఎక్కువా" అని అడిగారు. మాత్ర వేసుకున్న పావుగంటకు అడిగినవాళ్లు "ఇప్పుడు కొంచెం" వైపు ఎక్కువగా మొగ్గారు. మూడు గంటలు దాటాక అడిగినవాళ్లలో ఆ తేడా లేదు.

అదే ఏడాది వచ్చిన మరో ప్రయోగంలో, మాత్రతో కాకుండా నిజంగానే టెన్షన్ పెట్టి చూస్తే తేడా కనిపించలేదు. కాబట్టి ఒత్తిడి ఉంటే తొందరపాటు తప్పదన్న సూత్రమేమీ లేదు. కానీ మూడు గంటలు ఆగడానికి పైసా ఖర్చు కాదు. నేనైతే ఆగుతాను.

ఈలోగా ఇవి చూసుకోండి:

- భోజనం చేశారా?
- నిన్న రాత్రి సరిగా నిద్రపోయారా?
- ఎదురుగా గానీ ఫోన్‌లో గానీ ఎవరైనా "ఇప్పుడే చెప్పండి" అని ఒత్తిడి పెడుతున్నారా?

మూడింటిలో రెండు తేడాగా ఉంటే లెక్క రేపు పొద్దున చేయండి.

మనిషి ఆస్పత్రిలో ఉంటే ఈ మెట్టు మీకు కాదు. చేతిలో ఉన్నదీ, కార్డులో ఉన్నదీ కట్టేయండి, లెక్కలు తర్వాత. ఒక్క మాట: అలాంటి అత్యవసరానికి చీటీ అసలు అక్కరకు రాదు. పాడిన రోజే డబ్బు చేతికి రాదు. ష్యూరిటీ సంతకాలు, జీతం కాగితాలు, వాటి పరిశీలన అన్నీ పూర్తి కావాలి. "ఇప్పుడే డబ్బు" అనుకుని పాడినవాళ్లు, ఆ డబ్బు వచ్చేదాకా మళ్లీ చేబదులు వెతుక్కోవడం మామూలే.

2. బిల్లును, భయాన్ని వేరు చేయండి

కాగితం మధ్యలో నిలువుగా ఒక గీత గీయండి. ఎడమ పక్క ఎంత, ఎవరికి, ఏ తేదీలోపు అన్నవి రాయండి. కుడి పక్క మనసులో తిరుగుతున్న మాటలన్నీ రాయండి, సిగ్గుపడకుండా.

ఒక ఇంటి కాగితం ఇలా ఉంటుంది. ఎడమ పక్క: "అమ్మాయి కాలేజీ ఫీజు, 60,000, ఇంకా 20 రోజులు." కుడి పక్క: "ఉద్యోగం పోతే?", "అత్తయ్య మోకాలి ఆపరేషన్ ఈ ఏడే చేయించాల్సి వస్తే?", "మా గ్రూపులో అందరూ ముందే పాడేసుకుంటున్నారు."

కుడి పక్క ఉన్నవి అబద్ధాలు కావు. కానీ వాటిలో దేనికీ తేదీ లేదు, అంకె లేదు. ఈ రోజు లెక్కలోకి ఎడమ పక్కే వస్తుంది. అంటే అవసరం 60,000. పాడబోతున్నది 5 లక్షల చీటీ. ఈ రెండు అంకెలూ పక్కపక్కన కనబడగానే సగం మందికి దారి దొరుకుతుంది.

ఇదంతా మనసులో వేసుకుంటే కుదరదు, కాగితం మీదే వేయాలి. తమిళనాడు చెరకు రైతుల మీద జరిగిన ఒక అధ్యయనం 2013లో వచ్చింది. బుర్రకు పదునుపెట్టే ఒకే రకం పరీక్షల్లో, చేతిలో డబ్బు ఆడని కోతకు ముందు రోజుల్లో వాళ్లు వెనకబడ్డారు. కోత అయ్యి డబ్బు చేతికొచ్చాక అదే మనుషులు మెరుగ్గా చేశారు. డబ్బు ఇబ్బందిలో ఉన్నప్పుడు నోటి లెక్కను నమ్మకపోవడం మంచిది.

3. "ఇప్పుడే" అన్న మాటకు ధర కట్టండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఈ మెట్టుకే ఇవ్వండి.

మన ఉదాహరణ: 5 లక్షల చీటీ, 25 మంది, 25 నెలలు, నెలకు 20,000. ఆరో నెల పాట 1,25,000 దాకా వెళ్లేలా ఉంది. అంటే పాడినవారికి చేతికొచ్చేది 3,75,000. వదులుకున్న 1,25,000లో చీటీ నడిపేవాళ్ల కమిషన్ (చీటీ మొత్తం మీద 5 శాతం), అంటే 25,000 పోగా మిగిలిన లక్షను 25 మందికి పంచితే తలా 4,000 డివిడెండ్. చిట్ ఫండ్స్ చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత కమిషన్ 7 శాతం దాకా ఉండొచ్చు, కాబట్టి మీ ఒప్పందంలో ఎంత ఉందో చూసుకోండి.

పాత పాటల జాబితా చూస్తే, 12వ నెలకల్లా పాట 75,000కు దిగొచ్చని అంచనా వేశాం అనుకుందాం. అప్పుడు చేతికొచ్చేది 4,25,000. మీరు ఎప్పుడు పాడినా నెల వాయిదాలు ఎలాగూ కట్టాల్సిందే, డివిడెండ్ ఎలాగూ వస్తుంది. కాబట్టి తేడా 50,000, ఆరు నెలలకు.

దీన్ని మనకు అలవాటైన భాషలోకి మార్చండి. సూత్రం ఇది:

వదులుకునే మొత్తం ÷ ఇప్పుడు చేతికొచ్చే మొత్తం × 100 ÷ ఆగాల్సిన నెలలు = నూటికి నెలకు ఎన్ని రూపాయల వడ్డీ

50,000 ÷ 3,75,000 × 100 అంటే 13.33. దాన్ని 6 నెలలతో భాగిస్తే 2.22. అంటే ఆరో నెలలో పాడడమంటే మీ డబ్బును మీరే నూటికి రెండుంపావు రూపాయల వడ్డీకి తెచ్చుకోవడం. బ్యాంకులో బంగారం మీద అప్పు సాధారణంగా రూపాయి వడ్డీకి అటూ ఇటూ దొరుకుతుంది. పక్కింటాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకోవడానికి వెనకాడే మనమే, పాట దగ్గర కూర్చుని అంతకన్నా ఎక్కువ వడ్డీకి చెయ్యెత్తేస్తాం. అక్కడ దాన్ని వడ్డీ అనరు కదా.

ఇప్పుడు రెండు దారులూ ఆరు నెలల తర్వాత ఎక్కడికి చేరతాయో చూడండి.

ఇప్పుడే పాడితే: 3,75,000లో ఫీజు 60,000 కట్టాక 3,15,000 మిగులుతుంది. 7 శాతం ఎఫ్‌డీలో వేస్తే ఆరు నెలల వడ్డీ 11,025. చివరికి 3,26,025.

ఆగితే: ఫీజుకు 60,000 బంగారం మీద రూపాయి వడ్డీకి తెస్తారు. ఆరు నెలల వడ్డీ 3,600. చీటీ 4,25,000 రాగానే 63,600 తీర్చేస్తారు. మిగిలేది 3,61,400.

తేడా 35,375. ఆగడమే మేలు.

అయితే 12వ నెల పాట 75,000కే దిగుతుందని ఎవరు చెప్పారు? అందుకే చెడ్డ అంచనాతో కూడా ఒకసారి లెక్క వేయండి. పాట 1,10,000 దగ్గరే ఆగిపోయిందనుకుంటే చేతికొచ్చేది 3,90,000. అప్పు తీరిస్తే 3,26,400. ఇప్పుడే పాడిన దారిలో మిగిలేదానికి ఇది దాదాపు సమానం. అంటే పాట అంతవరకు వెళ్లినా ఆగినందుకు నష్టం లేదు. ఈ హద్దు అంకె, ఇక్కడ 1,10,000, కాగితం మీద గుండ్రంగా చుట్టి పెట్టుకోండి.

ఇదే లెక్క ఎప్పుడు తిరగబడుతుంది? అవసరం 3,50,000, ఇంట్లో బంగారం లేదు, దొరికేది మూడు రూపాయల వడ్డీకి చేబదులే అనుకోండి. ఆరు నెలల వడ్డీ 63,000. ఆగితే 4,25,000లో 4,13,000 తీర్చాక మిగిలేది 12,000. ఇప్పుడే పాడితే 25,000 పైన మిగులుతుంది. ఇక్కడ పాడేయడమే సరి. ఎవరైనా "ఆగాల్సింది" అన్నా పట్టించుకోవద్దు.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. "ఇవాళ 3,75,000, లేదా ఆరు నెలలకు 4,25,000" అన్న బేరాన్ని ఏడాది అవతలికి జరపండి: "ఏడాదికి 3,75,000, లేదా ఏడాదిన్నరకు 4,25,000." రెండోదాంట్లో "ఏడాది ఆగాక ఇంకో ఆరు నెలలు ఆగలేమా" అనిపించి, మొదటిదాంట్లో మాత్రం ఆగలేకపోతుంటే, మిమ్మల్ని లాగుతున్నది "ఇవాళ" అన్న మాట. అంతమాత్రాన మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల మీద జరిగిన ఒక అధ్యయనంలో, జీతానికి ముందు రోజుల్లో డబ్బు విషయంలోనే ఈ లాగుడు ఎక్కువగా కనిపించింది, ఒక పనిని ఇప్పుడు చేయాలా, తర్వాత చేయాలా అన్న విషయాల్లో కనిపించలేదు. జేబు బిగుసుకుంటే అలాగే ఉంటుంది.

4. ఆగితే నిజంగా వస్తుందా?

పై లెక్కంతా "12వ నెలలో డబ్బు ఇస్తారు" అన్న నమ్మకం మీద నిలబడింది. ఆ నమ్మకం లేకపోతే అంకెలు దండగ.

మూడు నుంచి ఐదేళ్ల పిల్లలతో చేసిన ఒక ప్రయోగం 2013లో అచ్చయింది. మంచి రంగు పెన్సిళ్లు తెస్తానని చెప్పి నిజంగా తెచ్చిన మనిషి దగ్గర, ఎదురుగా ఉన్న మిఠాయి తినకుండా ఆగితే ఇస్తానన్న రెండో మిఠాయి కోసం పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి దగ్గర 3 నిమిషాలే. ఆ మూడు నిమిషాల పిల్లలు ఓపిక లేనివాళ్లు కారు, లెక్క తెలిసినవాళ్లు.

కాబట్టి వీటికి జవాబులు రాయండి:

- చీటీ 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయిందా? రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ కిందే చిట్స్ రిజిస్ట్రార్ ఉంటారు, అక్కడ అడగొచ్చు
- ఒప్పందం నకలు మీ దగ్గర ఉందా?
- ముందు పాడినవాళ్లకు డబ్బు ఎన్ని రోజుల్లో చేతికొచ్చింది? ఇద్దరిని నేరుగా అడగండి
- ఈ మధ్య పాట తేదీలు వాయిదా పడుతున్నాయా?

ఇంటి చీటీ అయితే, నడిపే మనిషి "ఈ నెల కొంచెం సర్దుకోండి" అనడం మొదలుపెడితే నేను ఆగను. ఎంత పోయినా పాడేసి బయటపడతాను.

5. మధ్య దారులు వెతకండి

పాడడమా, మానడమా అన్న రెండింటి మధ్య ఇంకా చాలా ఉంటాయి. టెన్షన్‌లో అవి కనిపించవు, అంతే. చవకైనవి ముందుగా ఈ వరసలో అడిగి చూడండి.

ముందు గడువు అడగండి. కాలేజీలు, ఆస్పత్రులు వాయిదాల్లో కట్టించుకోవడం కొత్తేమీ కాదు, కానీ వాళ్లంతట వాళ్లు చెప్పరు. ఉత్తరం రాసుకుని వెళ్లి, ఎంత ఎప్పుడు కడతారో తేదీలతో ఇవ్వండి.

తర్వాత ఎఫ్‌డీ. గడువుకు ముందే విరిస్తే వడ్డీలో సాధారణంగా అర నుంచి ఒక శాతం కోస్తారు. విరవకుండా దాని మీదే అప్పు తీసుకుంటే, మామూలుగా 90 శాతం దాకా ఇస్తారు, ఎఫ్‌డీ వడ్డీ మీద ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది. కొద్ది నెలల అవసరమైతే అప్పే మేలు. గడువు ఇంకా చాలా ఉండి, డబ్బు తిరిగి కట్టలేమనుకుంటే విరవడమే నయం.

ఎల్ఐసీ పాలసీని సరెండర్ చేసేముందు, దాని మీద అప్పు ఎంత వస్తుందో బ్రాంచిలో అడగండి. పీపీఎఫ్ (బ్యాంకులో, పోస్టాఫీసులో మనమే తెరిచే దీర్ఘకాల పొదుపు ఖాతా) అయితే మూడో ఏడు నుంచి ఆరో ఏడు వరకు అప్పు, ఏడో ఏడు నుంచి కొంత తీసుకునే వీలు ఉంటాయి. పీఎఫ్‌ను ఐదేళ్ల సర్వీసు నిండకముందే తీస్తే పన్ను తగులుకుంటుంది.

ఆ తర్వాత బంగారం, డ్వాక్రా సంఘం, ఆఫీసులో అడ్వాన్సు.

లోన్ యాప్‌లు ఈ జాబితాలో లేవు. 10,000 అప్పని చెప్పి, ఫీజు కోసుకుని 8,500 చేతికిచ్చి, నెల తిరిగేసరికి 10,000 కట్టించుకుంటే, మన సూత్రం ప్రకారం అది నూటికి 17 రూపాయల పైన వడ్డీ. ఇప్పటికే తీసుకుని ఉంటే ఒక విషయం: రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం ఇలాంటి అప్పులకు కూలింగ్ ఆఫ్ గడువు ఉండాలి. ఆ లోపు అసలు, ఆ రోజుల వడ్డీ తిరిగి కట్టి, పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ఎన్ని రోజులో అప్పు కాగితంలో ఉంటుంది.

6. పాట రోజు

పాడాలనే తేలిందనుకుందాం. అసలు జారుడు ఇక్కడే ఉంది.

నా సంగతే చెబుతాను. 90,000 దాటి పోకూడదని ఇంట్లో లెక్క రాసుకుని వెళ్లాను. ఎదురుగా కూర్చున్నాయన ఐదేసి వేలు పెంచుతున్నాడు. నేనూ పెంచాను. 1,40,000 దగ్గర ఆయన ఆగాడు, చీటీ నాది. కిందికి వచ్చి బండి డిక్కీ తీస్తే లెక్క రాసిన కాగితం అందులోనే ఉంది. నేను కట్టాల్సిన బిల్లుకు ఇంకా మూడు వారాలు గడువుంది.

అప్పటి నుంచి పాటిస్తున్నవి ఇవి:

- ఆ రోజు ఇంతకు మించి పాడకూడదన్న హద్దు అంకె కాగితం చేతిలోనే ఉంటుంది
- కంపెనీ ఒప్పుకుంటే నా బదులు ఇంకొకరికి అధికార పత్రం ఇచ్చి పంపుతాను. వాళ్లకు అవసరం తెలియదు, అంకె మాత్రమే తెలుసు
- హద్దు దాటితే ఏం చేయాలో ముందే రాసి ఉంటుంది: "బంగారం పెట్టి ఫీజు కట్టు, వచ్చే నెల మళ్లీ చూడు." వేరే దారి చేతిలో లేనివాళ్లే ఐదేసి వేలు పెంచుకుంటూ పోతారు

7. తరచూ జరిగే తప్పులు, వాటికి మందులు

చీటీ మొత్తం చూసి మురిసిపోవడం. 60,000 అవసరానికి 3,75,000 వస్తే, మిగిలినదాంతో టీవీ, ఊరి ప్రయాణం వచ్చి చేరతాయి. మందు: డబ్బు పడిన రోజే మిగిలినది ఎఫ్‌డీ చేయండి.

పాడాక వాయిదాల సంగతి మరిచిపోవడం. ఆరో నెలలో పాడినా మిగిలిన 19 నెలలూ కట్టాలి. ఆపితే ష్యూరిటీ పెట్టిన బావమరిది ఇంటికి నోటీసు వెళ్తుంది. మందు: నెల జీతం పడిన మర్నాడే వాయిదా పోయేలా బ్యాంకులో ఆటో డెబిట్ పెట్టండి.

"ఆగుతాను" అని నిర్ణయించుకుని రోజూ మళ్లీ అదే లెక్క వేయడం. ఇది మనిషిని తినేస్తుంది. మందు: మళ్లీ ఎప్పుడు చూడాలో తేదీ రాయండి. మధ్యలో కొత్త బిల్లు వస్తే తప్ప కాగితం తీయొద్దు.

ఆగడం వల్ల వచ్చేది మసకగా ఉండడం. "ఎక్కువ డబ్బు" అనుకుంటే మనసు నిలవదు. మందు: దానికి పేరు పెట్టండి. "జూన్‌లో ఇంటి పైకప్పుకు 35,000" అని రాసి, ఆ కారుతున్న మూల ఫొటో పాస్‌బుక్‌లో పెట్టుకోండి. రాబోయే సంఘటనను కళ్లకు కట్టినట్టు ఊహించుకుంటే ఆగడం తేలికవుతుందని ప్రయోగాల్లో కూడా కనిపించింది.

అన్నీ ఒక్కరే మోయడం. లెక్క తేలాక కూడా వారాల తరబడి నిద్ర లేకపోతే, ఆకలి పోతే, అది చీటీ సమస్య కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళయినా ఉచితంగా మాట్లాడతారు, తెలుగులో కూడా.

8. ష్యూరిటీ సంతకం పెట్టే ముందు చివరి చూపు

- అవసరం అంకె, తేదీ ఎడమ పక్క ఉన్నాయి
- "ఇప్పుడే" ధర నూటికి ఎన్ని రూపాయలో తెలుసు
- మంచి అంచనాతో ఒకసారి, చెడ్డ అంచనాతో ఒకసారి లెక్క వేశాను
- చీటీ నడిపేవాళ్ల మాట నిలబడుతుందో లేదో ఇద్దరిని అడిగాను
- కనీసం రెండు మధ్య దారులు అడిగి చూశాను
- బయటి మనిషికి లెక్క చదివి వినిపించాను
- మధ్యలో ఒక రాత్రి గడిచింది

ఏడింటికీ టిక్ పడితే సంతకం పెట్టండి. ఖాళీగా వదిలిన ఫారాల మీద మాత్రం వద్దు. "మేం తర్వాత నింపుకుంటాం" అన్నా సరే, అంకె వేయించి, ఒక నకలు చేతిలో పడ్డాకే లేవండి.